పాఠం పక్కన ప్రకటనలు ఎందుకు?



ఇంగ్లిష్ లిజనింగ్ పాఠాలు, పద్యాల ఆడియోలు వినడానికి పిల్లలు యూట్యూబ్ తెరిస్తే, పక్కనే వేరే వీడియోలు కనిపించి ధ్యాస అటు మళ్లుతుంది. ఆడియో ఫైల్ మీ దగ్గరుంటే ఇంటర్నెట్ లేకుండానే వినిపించే చిన్న ప్లేయర్ చాలు.

విండోస్ కంప్యూటర్లకు 2002 నుంచి ఉన్న ఫూబార్2000 ఉచితం. ప్రకటనలు ఉండవు. కొన్ని ఎంబీలే కాబట్టి పాత కంప్యూటర్‌కూ బరువు కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'పోర్టబుల్' ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే సెట్టింగులు కూడా అదే ఫోల్డర్‌లో ఉంటాయి. తెరపై ఏం కనిపించాలో మీరే మార్చుకోవచ్చు. చిన్న పిల్లలకు పాఠాల జాబితా, ప్లే బటన్ ఉంటే చాలు.

డౌన్‌లోడ్ మాత్రం అధికారిక వెబ్‌సైట్ నుంచే చేయండి. ఇతర సైట్లలో అక్కర్లేని సాఫ్ట్‌వేర్ కూడా కలిసి రావచ్చు. మొదటిసారి మీరే పక్కన కూర్చుని సెట్ చేసిపెట్టండి.