వంటింటి స్విచ్చి నొక్కుటకు ముందు

కుళాయి కారినను, చీరపై నూనె మరక పడినను, ఇరుగుపొరుగు సోదరీమణులు తలకొక ఉపాయము చెప్పుదురు. ఒకటి తప్పిన మఱియొకటి ఫలించును, నష్టమంతగా లేదు. గ్యాసు విషయమున మాత్రము రెండవ ప్రయత్నమునకు వ్యవధి యుండదు. అందుచే ఈ మాసము ఆ యొక్క విషయమునే ముచ్చటింపదలచితిమి.

తెల్లవాఱుజామున లేచి, మూసియున్న వంటింటి తలుపు తీసి, చీకటిలో తడుముకొనుచు స్విచ్చి నొక్కుట మన కందఱకును అలవాటే. రాత్రి పొయ్యి మీట సరిగా తిరుగకయో, రబ్బరు గొట్టము పగిలియో గ్యాసు కారియున్నచో, ఆ స్విచ్చిలో పుట్టు నిప్పురవ్వ యొక్కటియే ఇల్లు కూల్చుటకు చాలును. పుట్టింటికిఁ బోయి పది దినములకుఁ దిరిగివచ్చు వారికిని ఇదియే యపాయము. కావున చేయి గోడపైకిఁ బోవుటకు ముందు ముక్కునకుఁ బని చెప్పవలెను.

గ్యాసునకు స్వతః వాసన లేదు. అది కారినచో మనకుఁ దెలియుటకై ఇథైల్ మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును లేశమాత్రముగా కలిపి పంపుచున్నారు. ఏదియో కుళ్ళినది కాబోలునని తలఁచి ఆ వాసన పోఁగొట్టుటకు అగరువత్తి వెలిగించు ఇల్లాండ్రును లేకపోలేదు! ఇంతకంటె ప్రమాదకరమైన ఉపచారమును మే మెఱుఁగము.

వాసన తగిలినచో ఏ స్విచ్చినిఁ దాఁకరాదు. వెలుగుచున్న దీపము నార్పునపుడును రవ్వ పుట్టును గనుక, దానిని వెలుగనిండు. ఎగ్జాస్టు ఫ్యాను వేసిన గ్యాసు పోవుననుట పొరపాటు. దేవునియెదుట దీపమున్నచో ఆర్పివేయుఁడు. ఆ క్షణమున అది యపచారము కాదు. రెగ్యులేటరు కట్టి, కిటికీలతోపాటు తలుపులను బార్లా తెఱవవలెను. గ్యాసు గాలికంటె బరువైనది. నేలబారున పరచుకొని మూలలఁ జేరును. పై కిటికీ యొక్కటి తెఱచిన నది పోదు. పిల్లలను, వృద్ధులను వెలుపలికిఁ గొనివచ్చిన పిమ్మట, అచ్చటినుండియే 1906 నంబరునకు ఫోను చేయుఁడు. ఇది రేయింబవళ్ళు పనిచేయును. ఫోను మాత్రము ఇంటిలో చేయరాదు.

సందేహము వచ్చినపుడు అగ్గిపుల్ల గీచి చూచు దురలవాటు కొన్ని యిండ్లలో నేఁటికిని కలదు. సబ్బునీరు రాచిన చాలును. బుడగలు లేచినచోటనే గ్యాసు కారుచున్నది.

ఇఁక సిలిండరు, అనఁగా మన వాడుకలో గ్యాసుబండ, ఇంటికి వచ్చినపుడు దాని పిడి క్రింది రేకులపై లోవైపున ఒక యక్షరము, రెండంకెలు కనఁబడును. 'ఏ' యనఁగా జనవరి మొదలు మార్చి వఱకు. 'బి', 'సి', 'డి' తరువాతి మూఁడేసి నెలలు. 'సి 28' అని యున్నచో 2028 సెప్టెంబరు లోపల ఆ బండను మరల పరీక్షింపవలెనని యర్థము. గడువు దాఁటిన బండను తీసికొనక త్రిప్పి పంపుఁడు. తెచ్చిన యబ్బాయి విసుగుకొన్నను సరే. దారముతోఁ గట్టియుండు ప్లాస్టికు మూతను పాఱవేయకుఁడు. రెగ్యులేటరు కట్టినను గ్యాసు ఆగనిచో, దానిని ఊడఁదీసి బిగించుటకు ఆ మూతయే యక్కఱకు వచ్చును.

గొట్టముపైనను గడువు ముద్రించియుండును, సాధారణముగా అయిదేండ్లు. పగుళ్ళు కనఁబడినచో అంతవఱకు ఆఁగనక్కఱలేదు. అందము కొఱకు దానికి గుడ్డతొడుగు కుట్టి తొడుగువారు, ఆ పగుళ్ళను తమ కంటికే మఱుఁగు చేసికొనుచున్నారు. ఆ తొడుగు నీ దినముననే తీసివేయుఁడు.