లోడు బండి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు.. గేరే అసలు బ్రేక్

మదనపల్లె నుంచి టమాటా లోడుతో పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్లే పికప్ బండ్లు మొగిలి ఘాట్ దిగాల్సిందే. ఇలాంటి వాలు కనిపించగానే న్యూట్రల్ చేసి బండిని వదిలేసే అలవాటు కొందరు డ్రైవర్లకు ఉంది. డీజిల్ మిగులుతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. పైగా ప్రాణాల మీదకు తెచ్చే తప్పు.

బ్రేకులు ఎందుకు పట్టవు?

లోడుతో కలిపి 3 టన్నులున్న బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకుందాం. ఆ దిగుడులో పుట్టే శక్తితో సుమారు 30 లీటర్ల నీళ్లను మరిగించొచ్చు. బండిని బ్రేకులతోనే ఆపుకుంటూ వస్తే ఈ శక్తిలో చాలావరకు వేడిగా మారి డ్రమ్ములు, డిస్కులు, లైనింగుల్లోకే చేరుతుంది. బాగా వేడెక్కిన లైనింగుకు పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ పాతదైతే ఇంకా ప్రమాదం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరాక 140 డిగ్రీలకే మరగొచ్చు. అప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలు వచ్చి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది.

ఇంజిన్ ఎలా ఆపుతుంది?

గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది. లోపలి రాపిడి, గాలిని పీల్చి వదిలే శ్రమ బండిని వెనక్కి లాగుతాయి. గేరు ఎంత తక్కువైతే ఈ పట్టు అంత ఎక్కువ. పెద్ద లారీల్లో చాలావాటికి ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. చిన్న పికప్‌లలో సాధారణంగా ఉండదు కాబట్టి వీటికి చిన్న గేరే దిక్కు.

మరి డీజిల్ సంగతి? ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌తో మిగిలేదేమీ లేదు.

దిగేటప్పుడు ఏం చేయాలి?

* వాలు మొదలవకముందే వేగం తగ్గించి చిన్న గేరు వేయాలి. ఆ ఘాట్ ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు అనేది పాత లెక్క. లోడు ఎక్కువైతే ఇంకో గేరు తగ్గించాలి.
* క్లచ్ తొక్కి ఉంచకూడదు. తొక్కితే న్యూట్రల్‌లో ఉన్నట్టే.
* బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, తగ్గగానే వదలాలి. మధ్యలో బ్రేకులకు చల్లారే సమయం దొరుకుతుంది.
* ఆర్‌పీఎం ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే ముందు బ్రేక్‌తో వేగం తగ్గించాలి. మంచి వేగంలో ఉండగా ఒక్కసారిగా చిన్న గేరు వేస్తే ఇంజిన్ దెబ్బతింటుంది.
* వెనక చక్రాలతో నడిచే పికప్‌లో ఇంజిన్ పట్టు ఆ చక్రాలకే అందుతుంది. ఖాళీ బండి, వాన రోడ్డు అయితే క్లచ్ ఒక్కసారిగా వదలొద్దు. వెనక భాగం జారుతుంది.
* కాలిన వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ముల మీద నీళ్లు పోయొద్దు, పగుళ్లు రావచ్చు.

బ్రేక్ పట్టకపోతే ఇంజిన్ మాత్రం ఆపేయకూడదు. ఆపితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, కొన్ని బండ్లలో తాళం తిప్పేస్తే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు. పెడల్‌ను గబగబా పంప్ చేస్తూ, ఒక్కో గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా లాగాలి. ఇక తప్పదంటే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒరిపించాలి.

ఇంట్లో వాళ్లూ, బండి ఓనర్లూ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. చిన్న గేరులో దిగితే ట్రిప్పు కాస్త ఆలస్యమవుతుంది. ఆ సమయంలో "ఎక్కడున్నావ్, ఇంకా రాలేదా" అని ఫోన్లు చేసి తొందరపెట్టొద్దు. మార్కెట్‌కు లోడు ఆలస్యంగా చేరితే రేటులో కొంత పోతుందేమో. ఆ నష్టాన్ని రేపటి ట్రిప్పులో పూడ్చుకోవచ్చు.