కెమెరా ఎటు చూస్తోంది?

మా గుంటూరు, ప్రకాశం వైపు జిన్నింగ్ మిల్లుకెళ్లినా, మిర్చి కోల్డ్ స్టోరేజీకెళ్లినా గేటు దగ్గర చాలాచోట్ల ఒక బోర్డు కనిపిస్తుంది, మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారని. ఈసారి వెళ్లినప్పుడు ఆ కెమెరాలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. నేను చూసినవి కాటా వైపు, లారీల వైపు, ఆఫీసు వైపు ఉన్నాయి. టిక్కీ పోతే దొరుకుతుంది. చెయ్యి పోతే? ఆ మూల కెమెరానే లేదు.

పత్తి మిల్లు సంగతే తీసుకుందాం. మన దగ్గర ఎక్కువగా కనిపించేది డబుల్ రోలర్ జిన్. తోలు తొడిగిన రోలర్లు తిరుగుతూ దూదిని కత్తి కిందుగా లాగుతాయి, గింజ ఇవతల పడిపోతుంది. పత్తిలో తడి ఉన్నా, చెత్త ఉన్నా ఇరుక్కుంటుంది. అప్పుడు మోటారు ఆపి తియ్యాలి. ఆపకుండానే చెయ్యి పెట్టి లాగెయ్యడం అలవాటు. కొంగో, తువ్వాలో బెల్టుకి చుట్టుకోవడం ఇంకో ప్రమాదం. ఇది ఇవాళ కొత్తగా తెలిసిన విషయం కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 27వ సెక్షన్ అచ్చంగా పత్తి గురించే ఉండేది. పత్తి ప్రెస్సింగు ఫ్యాక్టరీలో కాటన్ ఓపెనర్ నడిచే చోట ఆడవాళ్లని, పిల్లల్ని పనిలో పెట్టకూడదు అనేది. పత్తి వేసే వైపుకీ, బయటికొచ్చే వైపుకీ మధ్య కప్పుదాకా గోడ ఉంటే (లేదా ఇన్‌స్పెక్టర్ చెప్పినంత ఎత్తు ఉంటే), వేసే వైపు పని చెయ్యొచ్చని ఉండేది. అంటే అప్పటి వాళ్లకి తోచిన సేఫ్టీ సిస్టమ్ ఒక గోడ. నాకైతే అది తీసిపారేసే ఆలోచనలా అనిపించదు.

మా సీఎస్‌ఈ వాళ్లం మాత్రం వెంటనే "కెమెరాకి ఏఐ పెట్టేద్దాం, చెయ్యి దగ్గరికి రాగానే మోటారు ఆపేస్తుంది" అంటాం. సరే, లెక్క వేద్దాం. మామూలు కెమెరా సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంది, అంటే ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేముని నమ్మలేం కాబట్టి వరసగా మూడు చూడాలి, 120. వీడియో కంప్రెస్ అయ్యి వైరు మీద రావడానికి ఇంకో 200, మోడల్ ఆలోచించుకోవడానికి 80 అనుకోండి. మొత్తం 0.4 సెకను. రోలరు అంచు సెకనుకి మీటరు వేగంతో తిరుగుతుంటే ఈలోపు 40 సెంటీమీటర్లు లాగేస్తుంది. మీ వేలికొస నుంచి కొలుచుకోండి, మోచెయ్యి దగ్గరికొస్తుంది. పైగా కరెంటు ఆపగానే రోలరు ఠక్కున ఆగదు. కాబట్టి అక్కడ కావలసింది కెమెరా కాదు, ఇనుప గార్డు. తలుపు తీస్తే మోటారు ఆగిపోయే చిన్న స్విచ్చు.

తప్పుడు అలారాల గొడవ ఇంకోటి. ఎనిమిది గంటల షిఫ్టులో 7,20,000 ఫ్రేములు. మోడల్ 99.9 శాతం కరెక్టనుకున్నా 720 ఫ్రేముల్లో పొరబడుతుంది. మూడేసి ఫ్రేములు చూసి కొన్ని తగ్గించినా, లెన్సు మీద దూది పేరుకునే చోట పరిస్థితి ఊహించుకోండి. రెండో రోజుకే ఎవరో ఒకరు అలారం వైరు పీకేస్తారు. నేనైనా పీకేస్తాను. హెల్మెట్టు, పసుపు జాకెట్టు ఉన్న ఫొటోలతో నేర్పిన మోడల్‌కి, తలకి తువ్వాలు చుట్టుకుని నేల మీద కూర్చుని మిరప తొడిమలు తీసే మనిషి మనిషిలా కనిపిస్తుందో లేదో కూడా పరీక్షించాలి.

కెమెరాకి అసలు కనపడనివీ ఉన్నాయి. పత్తి బేలు లోపల్లోపల రాజుకుంటే పొగ బయటికి రావడానికి చాలాసేపు పట్టొచ్చు, థర్మల్ కెమెరా కూడా పై పొర వేడినే చూస్తుంది. కోల్డ్ స్టోరేజీలో అమోనియా లీకైతే ముందు పట్టుకోవాల్సింది గ్యాస్ సెన్సర్. ఆ సెన్సరైనా సరైన చోట ఉండాలి. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడింది కదా, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. పైభాగం వేడెక్కిన సంగతి అందుకే తెలియలేదు. సైరన్ కూడా మోగలేదు.

మరి కెమెరా దండగేనా? కాదు. ప్రమాదాన్ని ఆ క్షణంలో ఆపలేకపోయినా, రాబోయేదాన్ని ముందే చూపించగలదు. మిషను ఇరుక్కున్న ప్రతిసారీ మోటారు ఆపి తీశారా, ఆపకుండా తీశారా అన్నది వారం రోజులు లెక్కపెడితే చాలు. ఏ మిషను ఎక్కువ ఇరుక్కుంటోంది, ఏ వేళలో చేతులు లోపలికి వెళ్తున్నాయి అన్నది తేలిపోతుంది. లారీ రివర్సు వచ్చే దారిలో హమాలీలు ఎక్కడ అడ్డుపడుతున్నారో కూడా అంతే.

మా మినీ ప్రాజెక్టు కోసం ఒక మిల్లులో ఇదే వివరిస్తుంటే పక్కన పనిచేసే ఆమె అడిగింది: "మిషను ఆపకపోతే మీ కెమెరా చూస్తది సరే బాబూ. ఆపితే పని తగ్గిందని కూలి కొయ్యరా?"

నిజమే, అదే వీడియోతో అదీ లెక్కపెట్టొచ్చు. ఎవరు ఎంతసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు నీళ్లకి లేచారు అన్నది కూడా. అందుకని డిజైన్ మార్చాం. కెమెరా మిషను నోటినే చూస్తుంది, ముఖాలు ఫ్రేములోకి రావు. అన్నం తినే చోటు వైపు తిప్పకూడదు. లెక్క మిషను నంబరు మీదే ఉంటుంది, మనిషి పేరు మీద కాదు. వీడియో ఏడు రోజులకి చెరిగిపోతుంది. ఆ లెక్క కాగితం ఆఫీసులో కాకుండా మిషన్ల షెడ్డులోనే అంటించాలి అన్నది మా చివరి షరతు. ఓనరు గారు మిగతావన్నీ ఒప్పుకున్నారు. దీనికి మాత్రం సీజను మొదలయ్యాక చూద్దాం అన్నారు.