పలకకి జిగురెందుకు పూయరు?

మన ఖరగ్‌పూర్‌లో రెండు రకాల గాలులు కదరా చిన్నా! ఎండలు ముదిరేటప్పుడు పెదాలు పగిలే పొడిగాలి. వానల్లో, డబ్బా మూత తీయగానే అప్పడాలు మెత్తబడిపోయే చెమ్మగాలి. అలమారా తలుపు మీద కూడా వీటిదే పెత్తనం.

చెక్క నిండా నిలువునా సన్నని గొట్టాల్లాంటి కణాలుంటాయి. వాటి గోడల్లో సెల్యులోజ్ పోగులు. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు ఆ పోగుల మధ్య దూరి, వాటిని పక్కకి జరుపుతాయి. అందుకే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. గాలిలో తేమ 50 శాతం ఉంటే, ఎండు చెక్క బరువులో సుమారు 9 శాతం నీరు నిలుస్తుంది. తేమ 80 శాతానికి చేరి అలాగే ఉంటే అది 16 దాకా పోతుంది. ఆ తేడాకి అడుగు వెడల్పు టేకు పలక సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరంగుళాల పలకైతే రెండే. పెద్ద తలుపుని చిన్న చిన్న పలకలుగా విడగొట్టడంలో అందమొక్కటే లేదన్నమాట.

ఉబ్బే చెక్కని ఎవరూ ఆపలేరు. పలకకి నాలుగు వైపులా జిగురు పూసి తలుపు చట్రంలో బిగిస్తే వానల్లో ఆ చట్రం కీళ్లు విప్పుకుంటాయి, ఎండల్లో పలకే నిలువునా చీలుతుంది. మన వడ్రంగుల తెలివి చూడు! చట్రం కర్రల్ని కుసులు దూర్చి, జిగురుతో గట్టిగా బిగిస్తారు. లోపలి అంచున గాడి తీస్తారు. పలకని మాత్రం జిగురు లేకుండా ఆ గాడిలో వదులుగా కూర్చోబెడతారు. మధ్యలో మందం ఉంచి, అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పడితే గాడికి సరిపడా సన్నబడతాయి. మధ్య ఉబ్బెత్తుగా తేలి, వెలుగునీడలు పడి ముచ్చటగా ఉంటుంది. బలానికి బలం, కదలడానికి చోటు. ఇంత చక్కని ఏర్పాటు నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అడుగు వెడల్పు పలకని పొడి రోజుల్లో చేస్తే గాడిలో ఇరుపక్కలా రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. వానల్లో చేస్తే అంత అక్కర్లేదు, పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది. పైనా కిందా సరిగ్గా మధ్యలో చిన్న మేకు కొడితే పలక ఒక పక్కకి జారకుండా రెండు వైపులా సమానంగా కదులుతుంది.

పాలిష్ మాత్రం పలకని గాడిలో పెట్టకముందే, రెండు ముఖాలకీ, అంచులకీ వేయించాలి. బిగించాక వేస్తే, ఎండలకి పలక కుదించుకోగానే రంగు తగలని తెల్లటి గీత అంచు పొడుగునా బయటపడుతుంది.