కాలేజీ పేరే లోగో అయితే...

మీ కాలేజీ ఐడీ కార్డు ఒకసారి తీసి చూడండి. పైన గుండ్రటి ముద్ర, అందులో ఓ దీపం, ఓ పుస్తకం, కింద చీమల్లాంటి అక్షరాల్లో ఓ సంస్కృత వాక్యం. ఇంజినీరింగ్ కాలేజీ అయితే పళ్ల చక్రం గ్యారంటీ! కాగితం మీద బాగానే ఉంటుంది. అదే ముద్రను యాప్ ఐకాన్‌గా పెడితే మాత్రం దీపమేదో, పుస్తకమేదో ఆ బ్రహ్మకి కూడా తెలీదు.

అందుకే చాలా యూనివర్సిటీలు బొమ్మతో పాటు పేరునీ నమ్ముకుంటున్నాయి. పేరును ప్రత్యేకమైన అక్షర రూపంలో రాసి దాన్నే గుర్తుగా వాడితే వర్డ్‌మార్క్ అంటారు. గూగుల్, కోకాకోలా చేసేది అదే.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ ఇంకో అడుగు ముందుకేసి ఏకంగా సొంత ఫాంటే చేయించుకుంది. గీసింది మాథ్యూ కార్టర్. పేరు తెలియకపోయినా ఆయన అక్షరాలు మీరు చదివే ఉంటారు, వెర్డానా, జార్జియా ఆయనవే. యేల్ కోసం ఆయన 15వ శతాబ్దం చివర్లో వెనిస్‌లో అచ్చయిన ఓ పుస్తకంలోని అక్షరాలను ఆధారంగా తీసుకున్నాడు. ‘మాది పాత చదువుల ఇల్లు’ అని ఎక్కడా రాయక్కర్లేదు, అక్షరం వంపే చెప్పేస్తుంది. ఆ ఫాంట్‌ను అక్కడి విద్యార్థులూ వాడుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గర లోగో ఫైల్ అడిగితే ఎవరో వాట్సాప్‌లో పంపిన మసక జేపీజీ దొరుకుతుంది!

అన్నిచోట్లా కథ ఇంత సాఫీగా నడవదు. 2012లో కాలిఫోర్నియా యూనివర్సిటీ కొత్త గుర్తు తెచ్చింది. డాలులాంటి ‘యూ’ అక్షరం, లోపల మసకబారుతూ పోయే ‘సీ’ అక్షరం. ‘పేజీ లోడవుతున్నప్పుడు తిరిగే చక్రంలా ఉంది’ అని ఆటపట్టించారు. దాన్ని తీసేయమంటూ ఆన్‌లైన్‌లో 50 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. నిజానికి తెరిచిన పుస్తకం, 1868 అన్న సంవత్సరం ఉన్న పాత ముద్ర డిగ్రీ పట్టాల మీద అలాగే ఉంటుందని యూనివర్సిటీ మొత్తుకుంది. వినేదెవరు? అదే ఏడాది డిసెంబరులో వెనక్కి తగ్గింది. కొత్త గుర్తు డిజైన్ మరీ అంత ఘోరమేం కాదని నా అభిప్రాయం. కానీ పట్టా మీద ఉన్న గుర్తును జనం తమ సొంతం అనుకుంటారు. వాళ్లను అడక్కుండా ముట్టుకుంటే ఊరుకోరు మరి.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు. తెలుగులో పైన తలకట్టు, గుడి, కింద వత్తు. ‘విద్యా’ అని రాసి చూడండి, గుడి పైకి, యావత్తు కిందకి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒకే ఎత్తుకు కుదిస్తే నలిగిపోయేది మన వత్తులే. చాలా బోర్డుల మీద తెలుగు పేరు తర్వాత ఎప్పుడో అతికించినట్టు కనిపించడానికి ఇదో కారణం. రెండు లిపులకూ గీత మందం కలిపి, తెలుగుకు కాస్త ఎక్కువ ఎత్తు ఇస్తే చాలు, తేడా తెలుస్తుంది.

ఖర్చు? గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న ఫ్రీగా ఉన్నాయి. మీ కాలేజీ పేరు మూడింటిలోనూ టైప్ చేయండి. రామభద్ర మందంగా గట్టిగా నిలబడుతుంది, మండలి మామూలు మాటలా చదివిస్తుంది. తర్వాత స్క్రీన్‌షాట్‌ను గోరంత సైజుకు తగ్గించి, వత్తులు ఇంకా కనిపిస్తున్నాయో లేదో చూడండి.