మొక్క పట్టుకుని పోదాం, తెర ముందు అడుగుదాం

వరి నాటు వేసి మూడు వారాలైంది. మడిలో అక్కడక్కడ ఆకులు ఎర్రబారాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? మందుల దుకాణానికి పోయి "అన్నా, ఆకు ఎర్రబడ్డది, ఏదన్నా మంచి మందు ఇయ్యి" అంటాం. దుకాణదారు పొలం చూడడు, మొక్క చూడడు. ఇచ్చిన మందు కొడతాం. తగ్గకపోతే ఇంకోటి కొడతాం. రెండెకరాల రైతుకు ఈ ఖర్చే మోయలేని బరువు.

సదాశివనగర్ నుంచి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వంద కిలోమీటర్ల పైమాటే. మొక్క పట్టుకుని అంత దూరం ఎవరు పోతారు? ఈ దూరం తగ్గించడానికే రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 6న ‘రైతు నేస్తం’ ప్రారంభించింది. రైతు వేదికలో తెర, కెమెరా, మైకు ఉంటాయి. అటు శాస్త్రవేత్త, ఇటు రైతులు ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకోవచ్చు. మంగళవారం మంగళవారం జరిపేలా దీన్ని రూపొందించారు. రాష్ట్రంలోని 2,601 వేదికల్లో మొదట 110 చోట్ల, 2025 జూన్‌లో మరో 1,034 చోట్ల ఈ సౌకర్యం కల్పించారు.

వినడం వేరు, అడగడం వేరు

దూరాన ఉండి పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా దేశంలో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. ఆనాటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. సేద్యం సంగతులూ చెప్పారు. కానీ చూడడమే తప్ప తిరిగి అడిగే వీలు లేదు. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు దానికి అంబేద్కర్ పేరుంది. కాలేజీకి పోలేనివారు ఇంటి దగ్గరే చదివి డిగ్రీ తీసుకున్నారు. అనుమానం వస్తే మాత్రం స్టడీ సెంటరులో తరగతి జరిగే రోజు దాకా ఆగాలి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువు కోసమే ‘ఎడ్యుశాట్’ ఉపగ్రహాన్ని పంపారు. దానితో అటూ ఇటూ మాట్లాడుకునే తరగతులకు దారి పడింది.

విద్యార్థి అనుమానం వారం ఆగినా ఫర్వాలేదు. పంట ఆగదు. కాబట్టి ఈ సౌకర్యం అందరికన్నా రైతుకే ఎక్కువ అవసరం.

ఎలా అడగాలి?

"ఆకు ఎర్రబడ్డది" అని మాత్రమే అంటే ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా ఏమీ చెప్పలేడు. తెర మీద రంగు కూడా సరిగా తెలియకపోవచ్చు. ముదురాకుల్లో నడి ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలున్నాయా? ఆకు వంచితే చిటుక్కున విరుగుతోందా? అలా అయితే అది జింకు లోపం కావచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. అందులో పురుగు మందులు, తెగుళ్ల మందులు కలపరాదు. లోపం జింకుదైతే తెగుళ్ల మందు కొట్టడం దండగే.

వేదికకు పోయే ముందు ఇవి చూసుకోండి:

* జబ్బు మొక్క ఒకటి, మంచి మొక్క ఒకటి వేర్లతో సహా పీకి, తడి గుడ్డలో చుట్టి తీసుకుపోవాలి.

* వరి రకం, నాటు వేసిన తేదీ, వేసిన ఎరువులు, కొట్టిన మందులు కాగితం మీద రాసుకోవాలి.

* ఒక్క పూటలో అందరికీ వంతు రాదు. ఊళ్లో ముందే మాట్లాడుకుని, ఎక్కువ మందికి ఉన్న బాధను ఒకరు అడగాలి.

* నాటుకు, కలుపుకు పోయే ఆడవాళ్ల కంటికే జబ్బు ముందు పడుతుంది. వాళ్లనూ తోడుకుని పోవాలి.

వంతు రాకపోతే ప్రశ్నను ఏఈవోకు రాసి ఇవ్వండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు, పైసా ఖర్చు లేదు.

మీ వేదికలో తెర ఉందా, ఏ పూట పెడతారు అని ఏఈవోను అడగండి. లేకుంటే పెట్టించమని ఊరంతా కలిసి గట్టిగా అడగండి. ఉండి కూడా పోకపోతే తప్పు మనదే.