వెనక బ్రేకుతో వేళాకోళమా?

డ్రిఫ్ట్ కారుకు చక్రం పట్టేయాలి.. రోడ్డు కారుకు పట్టేయకూడదు
ఇంటి ముందు పానాలు పట్టే కుర్రాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

బొమ్మసంద్ర: ఆదివారం వచ్చిందంటే బొమ్మసంద్ర పారిశ్రామికవాడ రూపే మారిపోతుంది. షిఫ్టు సైరన్లు ఉండవు. లేత్ షాపుల షట్టర్లు సగం దించి ఉంటాయి. కంపెనీ బస్సులతో కిటకిటలాడే రోడ్లు బోసిపోతాయి. కుప్పం, మదనపల్లె, హిందూపురం, ఇటు హోసూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఇక్కడ టర్నర్లుగా, ఫిట్టర్లుగా, సీఎన్‌సీ ఆపరేటర్లుగా పనిచేస్తున్న మన కుర్రాళ్లకు అదొక్కటే సెలవు దినం. కొందరు సినిమాకెళ్తారు. కొందరు నిద్రపోతారు. బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం అద్దింటి ముందు పాత కారును జాకీ మీద ఎక్కించి, వెనక చక్రం ఊడదీసి కూర్చుంటారు.

‘వెనకాల డ్రమ్ము పీకేసి డిస్కు వేద్దాం.. హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు పెడితే బండి బొంగరంలా తిరుగుద్ది’. డ్రిఫ్టింగ్ వీడియోలు చూసిన కుర్రాళ్ల మధ్య నడిచే ముచ్చట ఇదే. క్యాలిపర్ బిగించే బ్రాకెట్ కావాలంటే వేరే ఊరు పోనక్కర్లేదు. వారమంతా ఇనుము కోసే చేతులే అవి. డ్రాయింగ్ ఇస్తే అంగుళంలో వెయ్యో వంతు తేడా రాకుండా చేసి పెడతాయి. చిక్కల్లా బ్రాకెట్ చేయడంలో లేదు. దాన్ని బిగించాక కారు ఎలా నడుచుకుంటుందన్న దాంట్లో ఉంది.

ముక్కు ఒకవైపు.. నడక మరోవైపు

డ్రిఫ్టింగ్ అంటే కారు వెనక చక్రాలను కావాలనే పట్టు తప్పించి, మలుపంతా అడ్డంగా జారుతూ పోవడం. కారు ముక్కు ఒకవైపు చూస్తుంది, నడక మరోవైపు ఉంటుంది. జపాన్‌లో 1970లలో కునిమిత్సు తకహాషి అనే రేసర్ మలుపుల్లో ఇలా జారిస్తూ పేరు తెచ్చుకున్నాడు. ఆయన్ను చూసి నేర్చుకున్న కెయిచి త్సుచియా ఈ విద్యను జనంలోకి తెచ్చి ‘డ్రిఫ్ట్ కింగ్’ అనిపించుకున్నాడు. 2000లో అక్కడ డీ1 పోటీలు మొదలయ్యాయి. అమెరికాలో 2004 నుంచి ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు నడుస్తున్నాయి. 2006లో వచ్చిన ‘టోక్యో డ్రిఫ్ట్’ సినిమాతో మన కుర్రాళ్లకూ దీని రుచి తెలిసింది.

దీనికి వెనక చక్రాలను ఇంజిన్ తిప్పే బండి కావాలి. మన అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా, ఓమ్ని, క్వాలిస్ అలాంటివే. అన్నీ తయారీ ఆగిపోయిన బండ్లే. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలతో నడిచేవి. వాటికి ఎంత పెద్ద హ్యాండ్‌బ్రేకు పెట్టినా తోక ఒకసారి విసురుతుంది తప్ప డ్రిఫ్ట్ నిలవదు. వేలకు వేలు పోసి వెనక డిస్కులు కొనేముందు ఈ ఒక్క సంగతి చూసుకున్నా చాలామందికి డబ్బు మిగులుతుంది.

రెండు కార్లు.. రెండు ధర్మాలు

బ్రేకు తొక్కగానే కారు బరువు ముందుకు వాలుతుంది. బస్సులో నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టే. అప్పుడు వెనక చక్రాల మీద బరువు తగ్గి, రోడ్డు మీద పట్టు సడలుతుంది. అందుకే బండి ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకులదే. వెనక బ్రేకును కంపెనీవాళ్లు కావాలనే తక్కువ బలంతో పెడతారు. చాలా బండ్లలో వెనక్కి వెళ్లే ఒత్తిడిని ఒక హద్దు దాటకుండా తగ్గించే వాల్వు కూడా ఉంటుంది.

ఎందుకంటే, ముందు చక్రాలు పట్టేస్తే కారు స్టీరింగ్ మాట వినకపోయినా తిన్నగా జారుతుంది. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే మాత్రం గిరుక్కున తిరిగిపోతుంది. డ్రిఫ్ట్ చేసేవాడికి కావాల్సింది సరిగ్గా ఆ తిరుగుడే. చిరుజల్లు పడ్డ హోసూరు రోడ్డు మీద పిల్లాజెల్లాతో వెళ్లేవాడికి కాకూడనిదీ అదే. అంటే ఒకరికి ‘అప్‌గ్రేడ్’ అయింది ఇంకొకరికి ప్రమాదం. ఆదివారం ఆట కోసం మార్చిన కారునే సోమవారం డ్యూటీకి, పండక్కి ఊరికి తీసుకెళ్తేనే అసలు ముప్పు.

పైపుల్లోనే తిరకాసు

పోటీల్లో దిగే డ్రిఫ్ట్ కార్లలో చాలావాటికి వెనక ఒక్కో చక్రానికి రెండు క్యాలిపర్లు ఉంటాయి. ఒకటి కాలి బ్రేకుకు, రెండోది చేతి బ్రేకుకు. చేతి బ్రేకుకు విడిగా మాస్టర్ సిలిండర్, విడిగా ఆయిల్ డబ్బా, విడిగా పైపు. ఒకటి చెడినా రెండోది పనిచేస్తుంది.

ఇంటి దగ్గర చేసేవాళ్లు ఖర్చు తగ్గుతుందని కాలి బ్రేకు పైపునే మధ్యలో కోసి హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు తగిలిస్తుంటారు. అందులోని చిన్న రబ్బరు సీలు తెగితే కాలి బ్రేకులో వెనక సగం కూడా పోయినట్టే. ముందు చక్రాలతో నడిచే కార్లలో పరిస్థితి ఇంకా ఘోరం. వాటిలో చాలావాటికి పైపులు అడ్డంగా, ముందు కుడికి వెనక ఎడమ, ముందు ఎడమకు వెనక కుడి జతగా ఉంటాయి. ఒక జత పోయినా రెండో జత కాపాడాలన్నది లెక్క. హ్యాండ్‌బ్రేకు కోసం ఆ రెండింటినీ ఒకటిగా కలిపితే ఆ రక్షణ కాస్తా పోతుంది. ఎక్కడో ఒకచోట కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది.

ఇంకో సంగతి. హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు బండిని పార్కింగ్‌లో నిలబెట్టడానికి కాదు. ఆయిల్ ఒత్తిడి మెల్లగా తగ్గిపోతుంది. మిట్టలో ఆపిన బండి దానంతటదే దొర్లొచ్చు. కాబట్టి కంపెనీ ఇచ్చిన కేబుల్ బ్రేకును పీకేయకూడదు. వెనక డిస్కు వేసేవాళ్లు కూడా కేబుల్ తగిలించే ఏర్పాటున్న క్యాలిపరే ఎంచుకోవాలి. ఏబీఎస్ ఉన్న బండైతే చక్రం వేగం చదివే సెన్సర్, దాని పళ్ల చక్రం కొత్త డిస్కుతో సరిపోవాలి. లేదంటే మీటరు బోర్డులో దీపం వెలుగుతుంది, ఏబీఎస్ పడుకుంటుంది.

గోడే కాపాడింది

ఈ విలేకరికీ ఒక అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట పాత వ్యానుకు వెనక షూలు, వీల్ సిలిండర్లు ఇంటి ముందే మార్చాడు. చీకటి పడుతోందన్న తొందరలో గాలి సరిగా తీయలేదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పెడల్ నాలుగుసార్లు తొక్కితే గట్టిగానే తగిలింది. అంతే, అయిపోయిందనుకున్నాడు. గేటు బయట పల్లంలో తొక్కితే పెడల్ నేలకు తాకింది. ఎదురుగా పిట్టగోడ ఉంది కాబట్టి బంపరుతో పోయింది. సాయంత్రం ఆ గోడ పక్కనే పిల్లలు ఆడుకుంటారు. ఆరోజు వాన వల్ల ఎవరూ లేరు. తప్పు పానాది కాదు, బండిది కాదు. ‘చాల్లే’ అనుకున్నవాడిది.

చేసి తీరాలంటే..

రోడ్డెక్కని, ట్రాక్‌కే పరిమితమైన కారైనా, ఉన్న బ్రేకునే బాగుచేసుకునే కారైనా జాగ్రత్తలు ఇవే.

* గట్టి, సమతలమైన నేల మీదే జాకీ వేయాలి. నట్లు ముందే వదులు చేసి, ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. కారును స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు. అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

* డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి.

* క్యాలిపర్‌ను రబ్బరు హోస్‌కు వేలాడదీయొద్దు. తీగతో కట్టాలి. బిగించాక హోస్ చక్రానికి, స్ప్రింగుకు ఒరుసుకోకుండా చూడాలి.

* పైపు జాయింట్ల దగ్గర రాగి వాషర్లు కొత్తవే వేయాలి. ఏసీ, ఫ్రిజ్ పనులకు వాడే రాగి గొట్టాలు బ్రేకుకు పనికిరావు. నట్లను టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన లెక్క ప్రకారమే బిగించాలి.

* బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే పైపులో ఆవిరి చేరి పెడల్ మెత్తబడుతుంది. మూత తీసి నెలలైన సీసా వాడొద్దు. సిలికాన్ రకమైన డాట్-5ను డాట్-3, 4లతో కలపొద్దు.

* గాలి తీయడం మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెడతారు. అడ్డంగా పైపులున్న కార్లకు వరుస వేరు. బండి మాన్యువల్ చూడాలి. డబ్బాలో ఆయిల్ అడుగంటితే పని మళ్లీ మొదటికొస్తుంది.

* ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి, నిమిషం పాటు అలాగే పట్టి ఉంచాలి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోందన్నమాట. తర్వాత ఖాళీ ఆవరణలో నడక వేగంతో పరీక్షించాలి.

చట్టం ఏమంటోంది?

బండిని ఇష్టమొచ్చినట్లు మార్చుకోవడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు పెట్టుకుంటే 189వ సెక్షన్ కింద మరో కేసు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది కూడా బండిలో ఏం మార్చారనే.

రోడ్డు మనదొక్కరిదే కాదు

బొమ్మసంద్ర ఇప్పుడు పాత బొమ్మసంద్ర కాదు. 2025 ఆగస్టులో పసుపు మార్గం మెట్రో వచ్చింది. ఆర్‌వీ రోడ్డు నుంచి 19 కిలోమీటర్లు వచ్చే రైలు ఆగిపోయేది ఇక్కడే. ఆదివారమైనా స్టేషన్ దిగి నడిచే జనం ఉంటారు. నారాయణ హృదయాలయకు వచ్చే రోగులు, వాళ్ల వెంట వచ్చే తెలుగు కుటుంబాలు ఉంటాయి. అంబులెన్సులకు సెలవు ఉండదు. ఖాళీగా కనిపించే పారిశ్రామికవాడ రోడ్డు మలుపు తిరిగితే ఖాళీగా ఉండకపోవచ్చు.

ఆట మీద నిజంగా ప్రేమ ఉంటే దారి లేకపోలేదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో రేసు ట్రాక్‌లున్నాయి. అక్కడ హెల్మెట్, బెల్టు, పక్కనే అంబులెన్సు ఉంటాయి. అడ్డొచ్చే జనం ఉండరు. నలుగురు స్నేహితులు కలిసి పాత బండి ఒకటి కొని, ట్రాక్‌కే కేటాయించి, ట్రక్కు మీద తీసుకెళ్లడం ఖర్చుతో కూడిన పనే. కానీ చేతి పని వచ్చిన మన కుర్రాళ్లకు సగం ఖర్చు కూలీ రూపంలోనే మిగులుతుంది.

రోజూ తిరిగే కారుకు మాత్రం వెనక పెద్ద డిస్కులు అక్కర్లేదు. మంచి షూలు, కారని సిలిండర్లు, రెండేళ్లకోసారి కొత్త ఆయిల్, సరిగా బిగించిన కేబుల్ చాలు. ఈ ఆదివారం జాకీ ఎక్కించేవాళ్లు ముందుగా అవి చూసుకుంటే మేలు.